గురువుగారి అర్హత

రేపల్లె,
12 జులై 1969

అమ్మాయ్ దుర్గాంబా,

నువ్వు పంపిన మీ సంగీత కాలేజీ అచ్చుకాగితం మొన్న మంగళవారం అందింది. ఇంగ్లీషు ముక్క నాకెక్కడొచ్చింది? హైస్కూల్లో గుమాస్తా బర్నబాస్ చేత చదివించుకున్నా. ఆయన ఒక్కో వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం, కళ్లజోడు తీసి నా మొహంలోకి చూడటం. "ఏంటండీ వెంకటప్పయ్యగారూ, ఫిడేలు వాయించడానికి ఇన్ని కావాలా?" అన్నాడు. నేనేం చెప్పను? నా రోజుల్లో ఫిడేలూ, కమానూ, ఓ చాపా ఉంటే చాలు.

రెండో ఏడులో వంద కృతులకి స్వరం రాసిన పుస్తకం చూపించాలంట. సంగీతచరిత్ర మీద వ్యాసం రాయాలంట. ఇద్దరు పెద్దల ముందు కూచుని అడిగినదానికల్లా జవాబు చెప్పాలంట. అన్నిటికీ మించి ఏప్రిల్లో గంటన్నర సోలో కచేరీ, అది తప్పితే పట్టా లేదు, మళ్లీ అవకాశమూ లేదంట. గంటన్నర ఒక్కదానివే! నేను ముప్పై రెండేళ్లు మన బసవేశ్వరరావు దాసుగారి హరికథలకి వాయించా గానీ, ఒక్కణ్ణే అయిదు నిమిషాలు వాయించిన పాపాన పోలేదు. అయినా నువ్వు వాయిస్తావులే. నీ చెయ్యి నాకు తెలీదూ?

చివర్లో ఏదో గడి ఉందన్నాడు బర్నబాస్. "గురువుగారి పేరు, అర్హత" అని. అదేంటో సరిగా రాయి.

ఇక్కడ ఊడ్పులు మొదలయ్యాయి. మీ అత్తయ్య వరమ్మ రోజూ మడిలోకి వెళ్తోంది. "ఇంట్లో మగాడు ఫిడేలు పట్టుకుంటే ఆడది నారుకట్ట పట్టుకోక తప్పుతుందా" అని వీధిలో వాళ్లందరికీ వినపడేలా అంటోంది. అననీ. పాతికేళ్ల నించీ అంటోంది.

పూటపూటకీ తిండి తిను. మద్రాసు నీళ్లు నీకు పడవు.

మావయ్య


మద్రాసు,
3 ఆగస్టు 1969

మావయ్యకి దుర్గాంబ నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతూ హాస్టల్లో పైకే నవ్వేశాను. ఇప్పుడు చెప్పబోయేది మటుకు నవ్వుకునే సంగతి కాదు.

నిన్న మా లెక్చరర్ మాణిక్యమ్మగారు నా చేత కాంభోజి రాగం వాయింపించారు. నాలుగు నిమిషాలు వాయించానో లేదో, చెయ్యెత్తి ఆపేశారు. "ఎవరి కోసం ఆగుతున్నావమ్మాయ్?" అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ వాయించమన్నారు, మళ్లీ ఆపారు. అప్పుడు తెలిసింది మావయ్యా. రాగంలో ఒక సంగతి వాయించాక నేను ఆగుతున్నాను. ఇంకెవరో పాడతారు, అది విని మళ్లీ వాయించాలన్నట్టు. మొదలెట్టేటప్పుడూ అంతే, ఎవరో అందుకోవాలన్నట్టు చూస్తూ కూచుంటున్నాను. కిందటేడు క్లాసులో అందరం కలిసి వాయించేవాళ్లం కాబట్టి బయటపడలేదు.

"నీకు నేర్పినవారు పక్కవాద్యం వాయించేవారా?" అని అడిగారు. అవునండి అన్నాను. "చెయ్యి చాలా మంచిది. కానీ దీంతో సోలో ఇస్తే తప్పుతావు," అన్నారు.

ఇక ఆ గడి సంగతి. గురువుగారికి కనీసం గవర్నమెంటు వారి సంగీతం పరీక్ష ఏదో ఒకటి, లోయర్ అయినా సరే, పాసైన సర్టిఫికెట్ ఉంటేనే ఆ పేరు రాయనిస్తారట. లేకపోతే ఇక్కడి లెక్చరర్ పేరు రాయాలట. కచేరీ ఆహ్వానపత్రం మీద కూడా ఆ పేరే అచ్చేస్తారు. ఫారం ఇవ్వడానికి ఫిబ్రవరి నెలాఖరు దాకా గడువుంది. నీ దగ్గర అలాంటి కాగితం ఏమైనా ఉందా మావయ్యా? పాతపెట్టెలో ఓసారి చూడు.

నాన్న సంగతి నీకు తెలుసుగా. రెండేళ్లంటే రెండేళ్లే అన్నాడు. ఏప్రిల్లో తప్పితే ఫిడేలు అటక మీదికే.

దుర్గాంబ


బాపట్ల,
24 ఆగస్టు 1969

దుర్గాంబకు,

దాసుగారితో బాపట్ల వచ్చా, తొమ్మిది రోజుల కథలు. సత్రం అరుగు మీద కూచుని రాస్తున్నా.

ఆగుతున్నావా? ఆగుతావు మరి. ఆగడమే నేర్పా. మన వసారాలో నేను పాడటం, నువ్వు విని వాయించడం, అంతేగా మన పాఠం? దాసుగారు ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ చిడతలు ఆపి కథలోకి దిగుతారో కనిపెట్టుకుని కూచోవడమే నా పనంతా. పక్కన కూచున్నవాడు ముందు మొదలెడితే రేపట్నించి వాణ్ణి పిలవరమ్మా. ముప్పై రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆయన కంటే ముందు కమాను ఎత్తలేదు. అది నా గొప్ప అనుకున్నా ఇన్నాళ్లూ. మీ మాణిక్యమ్మగారు అది తప్పన్నారు. పెద్దావిడ, చదువుకున్నావిడ, ఆవిడన్నాక తప్పే అయివుంటుంది. ఆ తప్పు నాది, నీది కాదు.

కాగితమా? పాతపెట్టెలో చూడక్కర్లేదు. చల్లపల్లిలో కప్పిన శాలువా ఒకటుంది, దాన్నీ చిమ్మెట్లు కొట్టేశాయి. కాగితాలు లేవు. మావయ్య దగ్గర ఏ కాగితమూ లేదని నీకు ముందే తెలుసు. తెలిసీ ఎందుకడిగావు?

ఆవిడ పేరే రాసెయ్యి. నా పేరు రాయొద్దు. నాకేం, నా పేరు మద్రాసులో అచ్చవకపోతే బాపట్లలో కథ ఆగదు.

కొన్నాళ్లు నాకు పనుంది. ఉత్తరాలు రావడం లేదని కంగారు పడకు.

వెంకటప్పయ్య


మద్రాసు,
16 నవంబరు 1969

మావయ్యా,

నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. "నాకు పనుంది" అంటే రెండు నెలలా, మూడు నెలలా? "నా పేరు రాయొద్దు" అని ఒక్క ముక్క రాసి నన్ను వదిలించుకున్నావా? కాగితం ఉందా అని అడిగింది నిన్ను చిన్నబుచ్చడానికా? నీ పేరు ఆ గడిలో పెట్టాలని అడిగాను! ఆ మాత్రం అర్థం కాలేదా నీకు?

మొన్న అమ్మ ఉత్తరం రాసింది. నువ్వు వారానికి మూడు రోజులు తెనాలిలో మా ఇంట్లోనే ఉంటున్నావట. మధ్యాహ్నం కాగానే నోటుబుక్కు చంకన పెట్టుకుని ఆడపిల్లల హైస్కూలుకి వెళ్తున్నావట. నాన్న బజార్లో తలెత్తుకోలేకపోతున్నాడట, "మీ బావ ఈ వయసులో ఆడపిల్లల బళ్లో ఏం చేస్తున్నాడయ్యా" అని అడుగుతున్నారట. దాసుగారి పక్కన చుండూరు నించి ఎవరో కొత్తగా వచ్చి వాయిస్తున్నాడట. నా ఉత్తరం చదివి నువ్వు కథలు మానేశావా? నేర్పడం తప్పుగా నేర్పానని, ఇప్పుడు ఆ చిన్నపిల్లలకి సరిగమలు చెప్పుకుంటున్నావా? నా మాటకి అంత విలువ ఇవ్వమని ఎవరన్నారు? ముప్పై రెండేళ్లు కూచున్న చోటు వదిలేస్తారా ఎవరైనా?

నా సంగతి అడగవు గనక నేనే చెప్తాను. నిన్న నమూనా కచేరీ పెట్టారు. ఇరవై నిమిషాలకి దింపేశారు. మాణిక్యమ్మగారు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఆవిడ తిట్టినా బాగుండేది.

దుర్గాంబ


తెనాలి,
7 డిసెంబరు 1969

పిచ్చిదానా,

మీ అమ్మ పున్నమ్మకి నోరాగదు. చెప్పొద్దే అని ఒట్టేయించుకున్నా, అయినా రాసేసింది. నా చెల్లెలు కదా, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది. సరే, దాచి ఏం చేస్తాను.

నేను అక్కడ చెప్పడానికి వెళ్లడం లేదు, నేర్చుకోవడానికి వెళ్తున్నా. గవర్నమెంటు వారి సంగీతం లోయర్ పరీక్షకి కట్టా. జనవరిలో పరీక్ష. ఆ బళ్లో సంగీతం టీచరు వెంకటరత్నంగారని మంచివాడు, మధ్యాహ్నం పూట పరీక్షకెళ్లే పిల్లలకి విడిగా చెప్తాడు, నన్నూ కూచోనిచ్చాడు. పాసైతే ఫిబ్రవరి నెలాఖరు లోపు కాగితం చేతికొస్తుందన్నాడు. అప్పుడు నీ గడి ఖాళీగా ఉండక్కర్లేదు.

నవ్వుకోవే, నవ్వుకో. పధ్నాలుగేళ్ల ఓణీల పిల్లల మధ్య యాభై తొమ్మిదేళ్ల ముసలాడు. బెంచీ కింద నా మోకాళ్లు పట్టవు. "తాతగారూ, ఆరోహణ అంటే ఏంటి?" అని టీచరు అడిగితే నోరు తెరిచి పాడబోయా. రోజూ వాయించేదే! దానికో నిర్వచనం ఉందని, దాన్ని కాగితం మీద రాయాలని నాకేం తెలుసు? పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వా. ఇంటికొచ్చి మీ నాన్నకి కనపడకుండా దొడ్లో కూచుని బట్టీపట్టా. ఇప్పుడు అడుగు, పన్నెండు స్వరస్థానాలూ గుక్కతిప్పుకోకుండా చెప్తా.

మీ నాన్న సరిగా మాట్లాడటం లేదు. అన్నం దగ్గర మాత్రం "ఏం బావా, పలకా బలపం తెచ్చుకున్నావా" అంటాడు. అననీ.

దాసుగారి దగ్గర సెలవు పుచ్చుకున్నా, మానేయలేదు. చుండూరు కుర్రాణ్ణి నేనే పెట్టి వచ్చా.

నిజం చెప్తా, విను. ఆగస్టులో కోపం వచ్చింది. నీ మీద కాదు. పన్నెండేళ్లు నేర్పాక ఆ గడిలో నా పేరు పక్కన ఏమీ లేకపోవడం నాకు సిగ్గనిపించింది. అంతకంటే ఏం లేదు. నమూనా కచేరీ గురించి ఏడవకు.

మావయ్య


మద్రాసు,
18 డిసెంబరు 1969

మావయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా నోటికి బుద్ధి లేదు, క్షమించు. నా కోసం అంత పని పెట్టుకున్నావని తెలీక ఎన్నెన్ని మాటలన్నాను. అత్తయ్య ఏమంటోంది?

ఒక్కటి మటుకు నీకు చెప్పాలి, ఇది అతి ముఖ్యం. రాతపరీక్ష నువ్వు గట్టెక్కేస్తావు. వాయించే పరీక్షలో నీకు ఎవరూ పాడరు మావయ్యా. ఎదురుగా పరీక్ష చేసేవాడు పెన్సిలు పట్టుకుని కూచుంటాడు, అంతే. నువ్వే మొదలెట్టాలి. నువ్వే చివరిదాకా వెళ్లాలి.

మాణిక్యమ్మగారు నాకు చెప్తున్నది నీకు చెప్తాను. శృతి చేసుకున్నాక కళ్లు మూసుకో. మనసులో నువ్వే పాడుకో, పైకి కాదు. ఆ పాట నోటి చివరికి వచ్చేలోపే కమాను కదలాలి. ఎవరి మొహమూ చూడొద్దు. మొహం చూస్తే అయిపోయినట్టే. నాకు ఇంకా పట్టుబడలేదు, పదిసార్లకి రెండుసార్లు వస్తోంది. నువ్వు రోజూ పొద్దున్నే ఒక్కడివే కూచుని మోహన రాగం వాయించు. అత్తయ్యని కూడా పక్కన ఉండనివ్వకు.

చూశావా, నీకు పాఠం చెప్తున్నాను! తప్పుగా అనుకోకు.

దుర్గాంబ


రేపల్లె,
21 ఫిబ్రవరి 1970

అమ్మాయ్,

నిన్న ఫలితాలు వచ్చాయి. తప్పా.

రాతలో డెబ్భై రెండు వచ్చాయి, క్లాసు మొత్తానికీ రెండోవాణ్ణి. వాయించేదాంట్లో పోయింది.

ఎలా జరిగిందో చెప్తా. పరీక్ష చేయడానికి ముప్పై ఏళ్ల కుర్రాడు వచ్చాడు, మర్యాదస్తుడు. "కానివ్వండి" అన్నాడు. బిరడాలు తిప్పి శృతి చేసుకున్నా. నువ్వు చెప్పినట్టే కళ్లు మూసుకున్నా. మూసుకుంటే దాసుగారు కనపడ్డారు, చిడతలు చేత పట్టుకుని, ఇంకా నోరు తెరవకుండా. ఆయన తెరవందే నేనెలా వాయిస్తా? కళ్లు తెరిచి ఆ కుర్రాడి మొహం చూశా. ఆయన నా మొహం చూశాడు. ఆయన నేను వాయిస్తానని, నేను ఆయన అందుకుంటాడని. "మొదలెట్టండి పెద్దాయనా" అన్నాడు. లోపల మోహన నిండుగా ఉంది దుర్గాంబా, చెయ్యి కదల్లేదు. "తమరు ఒక్క ముక్క అందుకోండి బాబూ" అన్నా. గుమ్మం దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వారు.

పాపం ఆయనకే జాలేసినట్టుంది, సన్నగా ఒక సంగతి పాడాడు. ఇక చూడు. ఆయన పాడిందల్లా పట్టుకున్నా. ఆయన ఒకటి పాడితే దాని పక్కనే ఇంకోటి పెట్టా. పిల్లలు నవ్వు మానేసి లోపలికొచ్చేశారు. చివరికి ఆయన పెన్సిలు కింద పెట్టి, "మీకు మార్కులు వేసేపాటివాణ్ణి కాను. కానీ అభ్యర్థి తనంతట తాను వాయించాలని రాసి ఉందండి, నేనేం చెయ్యను" అన్నాడు. నువ్వేం చెయ్యగలవు నాయనా అన్నా.

ఇంకో వారమే ఉంది. ఆ గడిలో మాణిక్యమ్మగారి పేరు రాసి ఇచ్చెయ్యి. ఈసారి కోపంతో చెప్పడం లేదు.

మీ అత్తయ్య అన్నం పెట్టి, నేను తినేదాకా పక్కనే కూచుంది.

మావయ్య


రేపల్లె,
2 ఏప్రిల్ 1970

దుర్గాంబకు,

కార్డు ముక్కే రాస్తున్నా. కచేరీ ఏ తారీకున? మీ అమ్మని అడిగితే తెలీదంది. ఆహ్వానపత్రం ఈపాటికి అచ్చై ఉండాలే అని బర్నబాస్ అంటున్నాడు. రోజూ పోస్టాఫీసు దాకా వెళ్లి వస్తున్నా. పిలిస్తే రావాలని ఉంది. పిలవకపోయినా ఏమీ అనుకోను. తేదీ ఒక్కటి రాయి, ఆ రోజు స్నానం చేసి దీపం పెట్టుకుంటాం.

మావయ్య


మద్రాసు,
19 ఏప్రిల్ 1970

మావయ్యా,

కచేరీ నిన్న అయిపోయింది. పాసయ్యాను.

నీకు ఆహ్వానపత్రం నేనే పంపలేదు. మరిచిపోయి కాదు. ఫారంలో మొదట నీ పేరే రాశాను. అర్హత దగ్గర "ముప్పై రెండేళ్ల పక్కవాద్యం" అని రాశాను. ఆఫీసులో తిప్పి పంపారు. మళ్లీ రాశాను, మళ్లీ తిప్పి పంపారు. ఆఖరి రోజు సాయంత్రం దాకా కౌంటరు దగ్గర పోట్లాడాను. మాణిక్యమ్మగారు కూడా వచ్చి అడిగారు, కుదరదన్నారు. చివరికి ఆవిడ పేరు రాసి ఇచ్చాను. నా చేత్తోనే రాశాను మావయ్యా. ఆ అచ్చుకాగితం పంపితే నువ్వు బర్నబాస్‌గారి చేత చదివించుకుంటావు. ఆయన ఆ గడి దగ్గరికి వచ్చి కళ్లజోడు తీసి నీ మొహంలోకి చూస్తాడు. అది తల్చుకుని పంపలేకపోయాను. నీ కార్డు వచ్చాక కూడా రాయలేకపోయాను. నిన్ను రానివ్వకుండా చేశాను, ఇక నువ్వు తిట్టేదంతా తిట్టు.

వేదికెక్కి కూచున్నాను. శృతి చేసుకున్నాను. ఎప్పట్లాగే చెయ్యి ఆగింది, ఎవరో అందుకోవాలన్నట్టు. అప్పుడు తెనాలి బళ్లో నువ్వు కూచున్నది గుర్తొచ్చింది. నీ మొహం, ఆ కుర్రాడి మొహం. నీకైతే ఆయన పాడాడు, నాకు ఎవరూ పాడరు. కోపమో ఏడుపో, కమాను లాగేశాను.

కాంభోజి ముప్పావుగంట వాయించాను. ఎక్కడా ఆగలేదు. పెద్దలిద్దరూ లేచి మెచ్చుకున్నారు. మాణిక్యమ్మగారు నా తల నిమిరారు. హాస్టలుకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకో చెప్తాను. నేను ఆగే చోటల్లా ఇన్నేళ్లూ నాకు నీ గొంతు వినపడేది. అది వింటానికే ఆగేదాన్ని, ఆ సంగతి నాకే తెలీదు. నిన్న గంటన్నరలో ఒక్కసారి కూడా నువ్వు వినపడలేదు మావయ్యా.

పట్టా జూన్‌లో ఇస్తారు. దాన్ని ఏం చేసుకోవాలో తెలీడం లేదు.

నీ దుర్గాంబ


రేపల్లె,
9 జూన్ 1970

చిట్టితల్లీ,

దాదాపు రెండు నెలలు ఆలస్యంగా జవాబిస్తున్నా. కోపం కాదు. నీ ఉత్తరం చదివి రాసిందల్లా చించేశా.

పిలవనందుకు బాధ పడ్డానా అంటే పడ్డా. అబద్ధమెందుకు? నాలుగు రోజులు ఫిడేలు ముట్టుకోలేదు. అయిదో రోజు దాసుగారు కబురంపితే కథకి వెళ్లా. నువ్వు కాంభోజి ముప్పావుగంట వాయించావని ఆయనకి చెప్తే, కథ మధ్యలో ఆపి, జనం అందరికీ చెప్పాడాయన. నేను తల వంచుకుని బిరడాలు తిప్పుకుంటూ కూచున్నా, కళ్లలో నీళ్లు కనపడకుండా.

నా గొంతు వినపడలేదని ఏడ్చావంట. ఏడవకమ్మా. నాకైతే అరవయ్యేళ్లొచ్చినా ఇంకా దాసుగారి గొంతే వినపడుతోంది, అందుకే చెయ్యి లేవలేదు. నువ్వు దాటావు. నేను దాటించలేదు, నీ అంతట నువ్వే దాటావు. అంతకంటే నాకేం కావాలి?

నేను మళ్లీ కడుతున్నా లోయర్‌కి. నీ గడి కోసం కాదు, దాని గడువు ఎప్పుడో అయిపోయింది. చచ్చేలోపు ఒక్కసారి, ఎవరూ పాడకముందే, నేను మొదలెట్టాలి. అంతే. మీ నాన్నతో చెప్పకు.

దరఖాస్తు ఫారం నిన్న వచ్చింది. దాంట్లో కూడా గడి ఉంది, గురువుగారి పేరు, అర్హత అని. కిందటిసారి వెంకటరత్నంగారి పేరు రాశా. ఈసారి నీ పేరు రాశా. అర్హత దగ్గర నీ పట్టా పేరు ఇంగ్లీషులో రాయడం నాకు రాలేదు, బర్నబాస్ రాసిపెట్టాడు. రాశాక కళ్లజోడు తీసి నా మొహంలోకి చూశాడు గానీ, ఈసారి ఏమీ అడగలేదు. కింద గురువు సంతకం ఉండాలంట. ఫారం ఈ కవర్లోనే పెడుతున్నా, సంతకం చేసి వెంటనే పంపు.

వెంకటప్పయ్య